పది పీపీఎం సరే, దేనిది?

భీమవరం దగ్గర ఒక రొయ్యల కంపెనీలో పనిచేస్తున్న ఇరవై ఏడేళ్ల అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. పాలకొల్లు వైపు పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆపైన ఆక్వాకల్చర్‌లో ఎమ్మెస్సీ. మూడేళ్లుగా ఆమెది రాత పని. చెరువుల మీద టెక్నీషియన్లు పాటించాల్సిన ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో వరసగా చెప్పే కాగితాలు), నీటి పరీక్షల రిపోర్టులు, బయటి దేశాల కొనుగోలుదార్లకు వెళ్లే వివరాలు, అన్నీ ఇంగ్లీషులోనే రాయాలి.

ఆమె చిన్న చిన్న వాక్యాల్లో రాస్తారు. మేనేజరు గారికి అది నచ్చదు. "ఆరో క్లాసు పిల్లల ఇంగ్లీషులా ఉంది" అని ఒకసారి అందరి ముందూ అన్నారట. 'యూజ్' ఉన్నచోట 'యుటిలైజ్', 'స్టార్ట్' ఉన్నచోట 'కమెన్స్', 'బిఫోర్' ఉన్నచోట 'ప్రయర్ టు' అని ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపుతారు. విసిగిపోయి ఆమె, తాను రాసిన కాగితాన్ని ఏఐకి ఇచ్చి 'ప్రొఫెషనల్ ఇంగ్లీషులోకి మార్చు' అని అడిగి, వచ్చింది వచ్చినట్టు పంపడం మొదలుపెట్టారు. ఎర్ర పెన్ను ఆగిపోయింది.

గత పంటకి ఒక ఎకరం చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందు నీటికి బ్లీచింగ్ కొట్టాలి. కాగితంలో 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లకి పది పాళ్లు, అని ఉంది. టెక్నీషియన్ లెక్క కట్టి రెండు బస్తాలు, అంటే 50 కిలోలు వేయించాడు. మర్నాడు పొద్దున చూస్తే, చచ్చిపోవాల్సిన చిల్లర చేపలు నీళ్లలో ఎగురుతూనే ఉన్నాయి. పనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది, సీడ్ వారం వెనక్కి పోయింది. మీటింగులో "ఈ ఎస్‌ఓపీ రాసిందెవరు?" అన్న ప్రశ్న ఒక్కటే వచ్చింది. ఆ కాగితం ఎన్ని చేతులు మారిందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"పెద్దాయన ఎలా రాయమంటే అలా రాసెయ్యమ్మా, ఏప్రిల్లో ఇంక్రిమెంటు ఉంది" అంటున్నారు నాన్నగారు. హైదరాబాదులో టెక్నికల్ రైటరుగా ఉన్న స్నేహితురాలు వచ్చేయమంటోంది. ఆమె అడిగినవి మూడు: ఆ తప్పు నాదేనా? బరువైన ఇంగ్లీషు నేర్చుకోవాలా? ఈ ఉద్యోగం వదిలేయాలా?

అమ్మా, మీరు మొదట రాసిన కాగితం, చివరికి చెరువు గట్టుకి చేరిన కాగితం, రెండూ జతచేసి పంపడం చాలా మంచిదైంది. మనుషుల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ రెండు కాగితాలూ చూద్దాం.

గట్టుకి చేరిన వాక్యం ఇది: "ప్రయర్ టు స్టాకింగ్, డిసిన్ఫెక్షన్ ఆఫ్ పాండ్ వాటర్ షల్ బి కారీడ్ అవుట్ యుటిలైజింగ్ బ్లీచింగ్ పౌడర్ క్లోరిన్ ఎట్ 10 పీపీఎం, ఫాలోయింగ్ విచ్ ఎయిరేషన్ మే బి కమెన్స్‌డ్ అండ్ ద సేమ్ షల్ బి కంటిన్యూడ్ టిల్ డీక్లోరినేషన్ ఈజ్ ఎచీవ్డ్." ముప్ఫై నాలుగు మాటలు. మీరు మొదట రాసింది మూడు చిన్న వాక్యాలు: "మిక్స్ బ్లీచింగ్ పౌడర్ 10 పీపీఎం క్లోరిన్ అండ్ అప్లై ఇన్ ఈవెనింగ్. స్టార్ట్ ఎయిరేటర్స్. రన్ టిల్ క్లోరిన్ ఈజ్ జీరో."

దారిలో ఏం పోయిందో చూడండి. 'సాయంత్రం' అన్న మాట మాయమైంది. అది అలంకారానికి పెట్టిన మాట కాదు. ఎండకి క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది కాబట్టే బ్లీచింగ్ పొద్దు వాలాక కొడతారు. నీటికి గాలి కలిపే ఎయిరేటర్లని 'స్టార్ట్' చేయమన్న ఆజ్ఞ 'మే బి కమెన్స్‌డ్' అయింది. అంటే వేస్తే వేయొచ్చు, మానితే మానొచ్చు అని. 'క్లోరిన్ సున్నా అయ్యేదాకా' అని మీరు రాస్తే, కిట్‌తో పరీక్షించి సున్నా వచ్చిందో లేదో ఎవరైనా చూడగలరు. 'డీక్లోరినేషన్ ఈజ్ ఎచీవ్డ్' అంటే ఏది చూసి అనుకోవాలి? మీ మూడు వాక్యాలు ఒక్కటిగా కలిసి పెద్దమనిషి వేషం వేసుకున్నాయి గానీ, పనికొచ్చే సమాచారం తగ్గిపోయింది.

అయితే తప్పు మీది కాదని చెప్పి వదిలేస్తే అది మీకు మేలు చేసినట్టు కాదు. అసలు గొయ్యి మీ మొదటి కాగితంలోనే ఉంది. 10 పీపీఎం అన్నారు. బ్లీచింగ్ పౌడరా, అందులోని క్లోరినా? మీ వాక్యంలో రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి, 10 దేనికి చెందుతుందో లేదు.

లెక్క వేద్దాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నాలుగడుగుల నీరుంటే సుమారు 4,930 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు నీటికి ఒక గ్రాము వేస్తే 1 పీపీఎం. కాబట్టి 10 పీపీఎం అంటే 49 కిలోల పైచిలుకు. మీ టెక్నీషియన్ సరిగ్గా అదే వేశాడు, కాకపోతే పౌడరు వేశాడు. బస్తా మీద 30 శాతం క్లోరిన్ అని ఉన్నట్టు రాశారు. అంటే ఆ చెరువుకి అందిన క్లోరిన్ 3 పీపీఎం మాత్రమే. క్లోరినే 10 పీపీఎం కావాలంటే 49.3ని 0.30తో భాగించాలి, సుమారు 165 కిలోలు. పాతిక కిలోల బస్తాలు ఆరు, పైన ఇంకో 15 కిలోలు. రెండు బస్తాలకీ ఆరున్నర బస్తాలకీ మధ్య తేడా ఆ కుర్రాడి లెక్కలో లేదు, మీ వాక్యంలో ఉంది. (10 అన్న మోతాదు మీ ల్యాబ్ నిర్ణయించింది, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.)

ఇంత కఠినంగా చెప్పడానికి కారణం ఉంది. సరళమైన ఇంగ్లీషంటే చిన్న మాటలు, చిన్న వాక్యాలు అని మీరు అనుకుంటున్నట్టు ఉత్తరం చూస్తే తెలుస్తోంది. చిన్న వాక్యం కూడా మసకగా ఉండగలదు. ఎవరు, ఏది, ఎంత, ఎప్పుడు, ఏది కనబడేదాకా: ఈ ఐదింటికీ జవాబు దొరికితేనే అది సరళమైన వాక్యం. దొరకకపోతే అది పొట్టి వాక్యం, అంతే. మీ మీద మేనేజరు గారి విమర్శ తప్పు కారణంతో వచ్చింది, కానీ మీ రాతకి దిద్దుబాటు అవసరమే. రెండూ నిజమే.

ఇంకో ఖాళీ కూడా ఉంది, అది రెండు కాగితాల్లోనూ ఉంది. బ్లీచింగ్ కొట్టాక ఎయిరేటర్లు ఎన్ని గంటలకు వేయాలి? మీరు చెప్పలేదు, 'ఫాలోయింగ్ విచ్' కూడా చెప్పలేదు. ఇక్కడే బరువైన ఇంగ్లీషుతో వచ్చే అసలు ప్రమాదం తెలుస్తుంది. 'వెయిట్ ... అవర్స్, దెన్ స్టార్ట్ ఆల్ ఎయిరేటర్స్' అని రాయబోతే అంకె దగ్గర పెన్ను ఆగుతుంది, ల్యాబ్‌కి ఫోన్ చేయక తప్పదు. 'ఫాలోయింగ్ విచ్' అని రాస్తే పెన్ను ఆగదు. మనకి తెలియనిది మనకే కనబడకుండా పోతుంది.

ఇప్పుడు, ఈ మసక ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. మన ఇంగ్లీషు కింద మన తెలుగే ఉంటుంది, అందులో సిగ్గు పడాల్సింది లేదు. ఎక్కడ జారుతుందో తెలిస్తే చాలు. 'మందు వేశారు' అంటాం. ఎవరు వేశారో చెప్పక్కర్లేదు, క్రియలోనే ఎవరో ఉన్నారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి కర్త దొరకదు, అందుకని 'మెడిసిన్ వాజ్ అప్లైడ్' అవుతుంది. పైగా 'మందు' అన్న ఒక్క మాటలో బ్లీచింగూ, మినరల్సూ, ప్రోబయోటిక్సూ అన్నీ ఇమిడిపోతాయి. ఇంగ్లీషులో 'మెడిసిన్' అని రాస్తే కొనుగోలుదారుడు యాంటీబయోటిక్ అనుకుని ఉలిక్కిపడతాడు. ఏ పదార్థమో ఆ పేరే రాయండి.

'వేయాలి' అన్నదీ అంతే. తప్పకుండా వేయాల్సిందానికీ, వేస్తే మంచిదన్నదానికీ తెలుగులో అదే '-ఆలి'. గొంతు బట్టి తేడా తెలుస్తుంది, కాగితానికి గొంతు లేదు. ఇంగ్లీషులో 'మస్ట్' వేరు, 'షుడ్' వేరు. 'వేయొచ్చు' కూడా చూడండి. అనుమతీ అదే, అవకాశమూ అదే. 'ఎయిరేటర్స్ మే స్టాప్ డ్యూరింగ్ ఫీడింగ్' అంటే మేత వేసేటప్పుడు ఆపుకోవచ్చనా, కరెంటు పోయి ఆగిపోవచ్చనా? అనుమతైతే 'యూ కెన్ స్టాప్' అనండి. తప్పనిసరైతే 'మస్ట్', లేదా నేరుగా ఆజ్ఞ: 'స్టాప్'. ఎస్‌ఓపీలో 'షల్', 'మే' రెండూ వాడకపోతే సగం గొడవ పోతుంది.

ఒక విషయంలో మాత్రం మీ తెలుగు మీకు పెట్టుబడి. 'ఆక్సిజన్ 4 కంటే తగ్గితే, అన్ని ఎయిరేటర్లూ వేయండి' అంటాం. షరతు ముందు, పని తరవాత. తెలుగులో ఇది సహజం. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు చాలామంది తిరగేసి 'స్టార్ట్ ఆల్ ఎయిరేటర్స్ ఇఫ్...' అని రాస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి, ఆక్సిజన్ అడుగంటే వేళకి, టార్చి వెలుగులో ఆ కాగితం చదివేవాడు 'ఇఫ్' దాకా వెళ్లకముందే స్విచ్ దగ్గరికి వెళ్తాడు. 'ఇఫ్ డీఓ ఈజ్ బిలో 4 పీపీఎం, స్టార్ట్ ఆల్ ఎయిరేటర్స్' (డీఓ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్) అని మీకు నోటికొచ్చిన వరుసలోనే రాయండి. విమానాల మరమ్మతు పుస్తకాల కోసం పెట్టిన సరళ సాంకేతిక ఇంగ్లీషు నియమాలు కూడా షరతును ముందే రాయమంటాయి. తెలుగు మీడియం అని మీరు ఉత్తరంలో మూడుసార్లు తలవంచుకున్నారు. ఈ ఒక్క చోటైనా తల ఎత్తండి.

ఆ నియమాల మాట వచ్చింది కాబట్టి, మేనేజరు గారికి చూపించడానికి పనికొచ్చేవి కొన్ని చెప్తాను. దాన్ని సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ అంటారు. ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అన్న పేరుతో వస్తుంది. విమానం బాగుచేసే మెకానిక్ ఏ దేశంవాడైనా, ఇంగ్లీషు అతని సొంత భాష కాకపోయినా, పొరపాటు పడకూడదని 1980లలో యూరప్ విమాన పరిశ్రమ దాన్ని తయారుచేసుకుంది. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరించే వాక్యం 25. ఒక వాక్యానికి ఒక పని. ఒక మాటకి ఒకే అర్థం. అమెరికాలో 2010లో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ వచ్చింది, ప్రభుత్వ శాఖలు ప్రజలకి అర్థమయ్యేలా రాయాలని చట్టమే చేశారు. 2023లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ కూడా సరళ భాషకి ఒక ప్రమాణం ఇచ్చింది, 24495-1. ఐఎస్‌ఓ అన్న మాటకి మన కంపెనీల్లో ఉన్న విలువ మీకు తెలుసు. తేలిక ఇంగ్లీషు తక్కువ ఇంగ్లీషు కాదని వాదించడానికి మీ మాట చాలకపోతే, ఆ మాట చాలుతుంది.

మనకిది కొత్త గొడవ కూడా కాదు. గ్రాంథికం రాయనివాడికి చదువు లేదన్న రోజుల్లో గిడుగు వెంకట రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగులోనే పాఠాలుండాలని పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారంతటివారు, గ్రాంథికంలో అన్ని గ్రంథాలు రాసినవారు, చివరి రోజుల్లో వ్యావహారికం వైపు నిలిచారు. బరువైన భాష రాయడం చేతనైన మనిషే తేలిక భాష కావాలని ఒప్పుకున్న ఊరు మీకు పక్కనే ఉంది.

ఇక మేనేజరు గారి సంగతి. ఆయన్ని విలన్ చేసుకోకండి. ఆడిటర్లు, విదేశీ కొనుగోలుదార్లు కాగితం చూసి కంపెనీని అంచనా వేస్తారని ఆయన భయం, అది అబద్ధమేమీ కాదు. కొన్నిచోట్ల ఆయన దిద్దుబాటు సబబే. మీరు ఆల్కలినిటీని 'వాటర్ స్ట్రెంగ్త్' అని రాస్తే ఆయన కొట్టేశారు, అది సరైన పనే. సరళంగా రాయడమంటే శాస్త్రపదాలు తీసేయడం కాదు. ఆల్కలినిటీ, శాలినిటీ, డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ అలాగే ఉండాలి, వాటికి మారుమాట లేదు. తీసేయాల్సినవి 'యుటిలైజ్', 'కమెన్స్', 'ద సేమ్', 'డు ద నీడ్‌ఫుల్' లాంటి మామూలు పనికి వేసిన పట్టుచీరలు. ఒప్పందాల్లో లాయర్లు 'షల్' వాడతారు, అక్కడ వాడుకోనివ్వండి. అందరి ముందూ ఆయన అన్న మాట మాత్రం తప్పే, అది మీకు గుచ్చుకోవడం సహజమే.

ఆ వాక్యాన్ని ఎలా రాయొచ్చో ఒకసారి రాసి చూపిస్తాను, మీ దగ్గర ఒక నమూనా ఉంటుంది.

మొదట హెచ్చరిక, పని మొదలుపెట్టకముందే: "వార్నింగ్: వేర్ గ్లవ్స్, గాగుల్స్ అండ్ ఎ మాస్క్. డు నాట్ మిక్స్ బ్లీచింగ్ పౌడర్ విత్ యాసిడ్. ఇట్ మేక్స్ పాయిజన్ గ్యాస్."

తరవాత అంకెలేసి:
"1. మెజర్ ద వాటర్ డెప్త్ ఎట్ ఫైవ్ ప్లేసెస్. రైట్ ద యావరేజ్ ఇన్ ఫీట్.
2. రీడ్ ద క్లోరిన్ పర్సెంట్ ఆన్ ద బ్యాగ్.
3. ఫైండ్ ద కిలోగ్రామ్స్ ఆఫ్ పౌడర్ ఇన్ ద టేబుల్.
4. ఆఫ్టర్ సన్‌సెట్, మిక్స్ ద పౌడర్ విత్ పాండ్ వాటర్ ఇన్ ఎ ప్లాస్టిక్ డ్రమ్.
5. స్ప్రెడ్ ద మిక్స్ ఓవర్ ద హోల్ పాండ్.
6. వెయిట్ ... అవర్స్. దెన్ స్టార్ట్ ఆల్ ఎయిరేటర్స్.
7. టెస్ట్ ద వాటర్ విత్ ద క్లోరిన్ కిట్ ఎవ్రీ మార్నింగ్. వెన్ ద కిట్ షోస్ జీరో, కాల్ ద ల్యాబ్. డు నాట్ స్టాక్ సీడ్ బిఫోర్ ద ల్యాబ్ సేస్ ఎస్."

ఆరో అడుగులో గంటలు మీ ల్యాబ్ నింపాలి. నింపకుండా కాగితం బయటికి వెళ్లకూడదు. పట్టికలో ఎకరానికి 10 పీపీఎం క్లోరిన్‌కి కావలసిన పౌడరు రాయండి. 30 శాతం పౌడరైతే మూడడుగుల నీటికి 123 కిలోలు, నాలుగడుగులకి 165, ఐదడుగులకి 206. 25 శాతమైతే 148, 197, 247. పీపీఎం అన్న మాట పట్టిక పైన ఒక్కసారి ఉంటే చాలు, గట్టు మీద ఎవరూ పీపీఎం మోయరు, బస్తాలు మోస్తారు. కిలోల పక్కనే బస్తాల లెక్క కూడా వేయండి. తెరిచి ఉంచిన బస్తా, చెమ్మ తగిలిన బస్తా బలం తగ్గిపోతుంది కాబట్టి 'యూజ్ ఓన్లీ సీల్డ్ బ్యాగ్స్' అని ఒక ముక్క చేర్చండి.

కారణం చెప్పాల్సినచోట అర వాక్యంలో చెప్పండి. 'డు నాట్ అప్లై లైమ్ ఆన్ ద సేమ్ డే. లైమ్ రెయిజెస్ పీహెచ్ అండ్ మేక్స్ క్లోరిన్ వీక్.' కారణం తెలిసినవాడు కాగితంలో లేని పరిస్థితి వచ్చినా సరిగ్గానే చేస్తాడు.

పరీక్షించే పద్ధతి కూడా మార్చాలి. "అర్థమైందా?" అని అడిగితే మన వైపు ఎవరైనా "ఆయ్, అర్థమైందండి" అనే అంటారు. అది మర్యాద, జవాబు కాదు. కాగితం చేతికిచ్చి, "రేపు మూడో నంబరు చెరువుకి నాలుగున్నర అడుగుల నీరుంది, స్టోరులో ఎన్ని బస్తాలు అడుగుతావు?" అని అడగండి. (నా పట్టికలో నాలుగున్నర లేదు. అతను అక్కడ ఆగిపోతే పట్టికలో అర అడుగుల వరసలు కూడా కావాలని మీకు తెలుస్తుంది.) ఇద్దరు ముగ్గుర్ని అడిగితే చాలు, కాగితంలో గోతులన్నీ పైకి తేలుతాయి.

ఇక మీ ముందున్న దారులు.

నాన్నగారు చెప్పినట్టు ఆయన ఎలా రాయమంటే అలా రాసెయ్యడం ఒకటి. ఏప్రిల్ దాకా ప్రశాంతంగా గడుస్తుంది. కానీ ఇంకో చెరువు దగ్గర ఇంకో పొరపాటు జరిగితే మళ్లీ "రాసిందెవరు" అన్న దగ్గరే ఆగుతుంది, ఈసారి మీకు తెలిసి రాసినట్టవుతుంది. ఈ దారి పడితే కనీసం ఒక పని చేయండి. ఏ మార్పు ఎవరు చేశారో కనబడేలా పాత ప్రతులు తేదీలతో దాచుకోండి.

రెండోది, రెండు అంచెల కాగితం. పైన మేనేజరు గారికి నచ్చిన పద్ధతిలో ఉద్దేశం, పరిధి, బాధ్యతలు ఒక పేజీ. దాని వెనక గట్టు కాగితం: పైన రాసినట్టు అడుగులు, పక్కన తెలుగు. మీ దగ్గర ఒడిశా నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారన్నారు, వాళ్లకి బొమ్మలు, అంకెలు. దీనికి ఆయన ఒప్పుకునే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆయన పేజీ ఆయనకి ఉంటుంది. చిక్కల్లా రెండు కాగితాలూ విడిపోవడమే. ల్యాబ్ మోతాదు మార్చినప్పుడు ఒకటి మారి ఇంకోటి మారకపోతే ఇప్పటికంటే ఎక్కువ నష్టం. అంకెలు ఒక్క గట్టు కాగితంలోనే ఉండాలి, పై పేజీలో ఒక్క మోతాదు కూడా ఉండకూడదు. రెండిటి మీదా ఒకే వెర్షన్ నంబరు, ఒకే తేదీ వేయాలి.

మూడోది, ఆయన్ని పరీక్షకి పిలవడం. "సర్, కొత్త బ్లీచింగ్ ఎస్‌ఓపీ ఇచ్చేముందు గట్టు మీద ఒకసారి చదివించి చూద్దామా, మీరూ ఉంటే బాగుంటుంది" అనండి. పాత కాగితం, కొత్త కాగితం చెరొకరికి ఇచ్చి బస్తాల లెక్క అడగండి. ఆయన కళ్లతో చూసింది మీ వాదన కంటే గట్టిగా పనిచేస్తుంది. అయితే నలుగురి ముందు ఆయన వాక్యం ఓడిపోతే ఆయన మనసులో పెట్టుకోవచ్చు, అది నిజమైన ప్రమాదమే. అందుకే రెండు కాగితాలూ మీ రాతలే అన్నట్టు పెట్టండి, ఏది ఎవరిదో అక్కడ చెప్పకండి. నాకైతే రెండో దారిలో నడుస్తూ మధ్యలో ఈ పరీక్ష ఒకసారి పెట్టడం మేలనిపిస్తోంది. మీ ఆఫీసు వాతావరణం మీకే తెలుసు.

ఏఐ సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. అది మీ 'సాయంత్రం'ని పోగొట్టింది. మీరు ప్రొఫెషనల్‌గా మార్చమన్నారు, అది అదే చేసింది. వాడాలనుకుంటే తిరగేసి వాడండి. 'ఈ వాక్యం చదివి ఒక మనిషి ఏం తప్పు చేయగలడు?' అని అడగండి. వచ్చిన ప్రతి అంకెనీ, ప్రతి వేళనీ మీ ప్రతితో పోల్చకుండా ఒక్క కాగితం కూడా పంపకండి.

కొనుగోలుదార్లకి వెళ్లే రిపోర్టుల్లో ఇంకో రకం గోతులున్నాయి. మీరు పంపిన నమూనాలో '30 కౌంట్' అని ఉంది. మన దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలని, 30 కౌంట్ అంటే ఒక్కోటి 33 గ్రాములు. అమెరికా కొనుగోలుదారుడికి కౌంట్ అంటే పౌండుకి ఎన్నని, అతని లెక్కలో అదే 30 దాదాపు 15 గ్రాములు. '30 పీసెస్ పర్ కేజీ, హెడ్-ఆన్' అని తలతోనో తల తీసో కూడా చెప్పి రాయండి. '5/6' అని తేదీ వేస్తే మనకి జూన్ ఐదు, వాళ్లకి మే ఆరు. నెల పేరు అక్షరాల్లో రాయండి. 'లాఖ్' (లక్ష) వాళ్లకి తెలియదు, సున్నాలు పెట్టండి. 'ట్యాంక్' అని మనం మట్టి చెరువుని అంటాం, వాళ్లు సిమెంటు తొట్టి అనుకుంటారు, 'పాండ్' అనండి. దశాంశం ముందు సున్నా తప్పనిసరి. '.5' ఫొటోకాపీలో 5 అయిపోతుంది, '0.5' అవదు. ఈ పొరపాట్లు మేనేజరు గారి ఎర్ర పెన్నుకి ఒక్కసారి కూడా తగల్లేదని గమనించారా? ఈ జాబితా ఆయన దగ్గరికి మీరే తీసుకెళ్లండి, "ఇవి కూడా చూద్దాం సర్" అని. ఇద్దరూ కలిసి దిద్దగలిగే పని ఇది.

హైదరాబాదు ఉద్యోగం గురించి. ఈ గొడవనుంచి పారిపోవడానికైతే ఇప్పుడే వద్దంటాను, ఎర్ర పెన్నులు అక్కడా ఉంటాయి. రాత పని మీద ఇష్టంతోనైతే వెళ్లండి. అయితే చెరువు గట్టు, ల్యాబ్, కొనుగోలుదారుడు మూడూ తెలిసిన రచయితలు అక్కడ సులువుగా దొరకరు. వెళ్లేలోపు ఇక్కడ నాలుగు ఎస్‌ఓపీలు పైన చెప్పినట్టు తిరగరాసి, ముందు, తరవాత అని పక్కపక్కన చూపించగలిగితే, ఇంటర్వ్యూలో మీ చేతిలో అంతకంటే మంచి కాగితం ఉండదు. కంపెనీ అంకెలూ పేర్లూ మాత్రం తీసేసి చూపించండి.

రేపు పొద్దున చేయాల్సింది ఇంకొకటుంది. బ్లీచింగ్ మళ్లీ వేసినప్పుడు మోతాదు ఫోన్లోనే సరిచేశారని రాశారు, కాగితం మార్చినట్టు ఎక్కడా రాయలేదు. అంటే ఆ ముప్ఫై నాలుగు మాటల వాక్యం ఏదో ఒక పంపు షెడ్డు గోడకి ఇంకా అంటించే ఉండొచ్చు. ఆఫీసుకి వెళ్లేముందు చెరువుల మీదుగా వెళ్లి, ఉన్నచోటల్లా దాన్ని తీయించండి. ల్యాబ్ నుంచి ఆ గంటల అంకె వచ్చేదాకా ఆ గోడ ఖాళీగానే ఉండనివ్వండి. ఈలోగా ఎవరికైనా బ్లీచింగ్ కొట్టాల్సొస్తే ల్యాబ్‌కే ఫోన్ చేయమని చెప్పండి.